మండువా దాటి వచ్చిన వంట

ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ భవనాల పనుల్లో గడిపి, సిమెంటు బస్తాలు లెక్కపెట్టి, బీటలు తీసిన గోడలకు ఎస్టిమేట్లు రాసి రిటైరైనవాణ్ణి కనుక, ఎవరింటికి వెళ్ళినా నా చూపు ముందుగా పైకప్పు మీదికే పోతుంది. విస్తరి ముందు కూర్చుని దూలాలు లెక్కపెట్టే మనిషినని మా ఆవిడ పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టి, ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. అయితే విజయనగరంలో కోటకు దగ్గరి సందుల్లో ఉన్న ఒక పాత మండువా లోగిలిని బాగుచేయించి అందులో హోటలు తెరిచారన్న సంగతి తెలిసినప్పుడు, వెళ్దామని ముందుగా అన్నది నేను కాదు, ఆవిడే. చిన్నప్పుడు బడి నుంచి వచ్చే దారిలో వాన పట్టుకుంటే ఆ ఇంటి వీధి అరుగు మీదే పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదట. అరవై ఏళ్ళు దాటినా ఆ గుమ్మం లోపల ఏముందో మాత్రం ఎన్నడూ చూడలేదు.

శ్రీకాకుళంలో ఉంటున్న మా బావమరిది శ్రావణమాసంలో ఒక ఆదివారం వస్తానన్నాడు. ఆ రోజుకే ఫోను చేసి మాట్లాడాను. కూర్చునే చోట్లు మూడున్నాయనీ, వీధి వైపు చావడి, మండువా చుట్టూ ఉన్న వసారా, వెనక ఏసీ గది, వీటిలో ఏది కావాలో చెప్పాలనీ అడిగారు. వసారా కావాలన్నాను. అయిదు వందల రూపాయల అడ్వాన్సు ఫోనులోనే పంపించాను. ఒంటిగంటకు వచ్చి మూడింటికల్లా లేవాలన్న షరతు విని, పెళ్ళిలో రెండో బంతి వాళ్ళు వెనక నిలబడి ఉన్నట్టే ఉంది కదండీ అని మా ఆవిడ నవ్వింది. బావమరిది ఆమదాలవలసలో రైలెక్కి (శ్రీకాకుళం ఊరికి రైలు స్టేషను అదే, పేరు మాత్రం శ్రీకాకుళం రోడ్డు) పన్నెండింటికల్లా దిగాడు. ఆ సందుల్లోకి ఆటో వెళ్ళదు కనుక గంటస్తంభం దగ్గర దిగి, సన్నగా తుంపర పడుతూ ఉండగా ముగ్గురం నడిచాం.

ఇంటి ముందు రెండు వైపులా అరుగులు అలాగే ఉన్నాయి. కానీ వాటి నిండా పెద్ద పెద్ద సిమెంటు కుండీలు, వాటిలో క్రోటన్ మొక్కలు బారులు తీరి ఉన్నాయి. మా ఆవిడ ఒక్క క్షణం ఆగి చూసి, ఏమీ అనకుండా లోపలికి నడిచింది. ద్వారబంధం ఎత్తు తక్కువ, గడప ఎత్తు ఎక్కువ. కాళ్ళ కింద గడపను చూసుకుంటూ దాటబోయిన మా బావమరిది పైకమ్మికి నుదురు తగిలించుకున్నాడు. "తల వంచుకుని రమ్మన్నారు బావగారూ, కట్టినవాళ్ళు" అని తడుముకుంటూ తనే సర్దుకున్నాడు.

లోపల గోడకు ఒక అద్దాల పెట్టె ఉంది. అందులో ఈ ఇంటి కప్పు నుంచి దించిన ఒక మంగళూరు పెంకు, దాని మీద 1865 అన్న అంకె, కింద '1865 నాటి లోగిలి' అన్న పలక ఉన్నాయి. మమ్మల్ని ఎదుర్కొన్న మేనేజరు కుర్రవాడు దాన్ని ఎంతో గర్వంగా చూపించాడు. ఆ పెంకు మీద ఉన్నది బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వారి ముద్ర. వారు మంగళూరులో పెంకుల కార్ఖానా పెట్టినది 1865లో. కనుక ఆ అంకె కార్ఖానా పుట్టిన సంవత్సరమే తప్ప పెంకు కాల్చిన సంవత్సరం కాదు, ఇల్లు కట్టిన సంవత్సరం అసలే కాదు. మన ఊరికి రైలు వచ్చినదే 1890ల్లో. అంత బరువైన సరుకు పడమటి తీరం నుంచి నాలుగు వాలుల ఇంటి నిండా వచ్చిందంటే, ఇల్లు రైలు తరవాతిదే అయి ఉంటుందని నా లెక్క. ఆ మాటే మెల్లగా చెప్పాను. కుర్రవాడి ముఖం చిన్నబోయింది. ముప్పై నలభై ఏళ్ళు తగ్గినంత మాత్రాన ఇంటికి వచ్చిన లోటేమీ లేదనీ, కోట కట్టినది 1713లో కనుక దాని నీడన ఉన్న ఇళ్ళు ఎలాగూ దానికంటే చిన్నవేననీ సముదాయించాను.

తరవాత జరిగిన పొరపాటు వల్ల నాకు మేలే జరిగింది. వసారా అని చెప్పి అడ్వాన్సు కట్టినా, మా పేరు ఏసీ గది కింద రాసుకున్నారు. వసారాలో బల్లలు ఖాళీగా లేవు, పావుగంటలో ఒకటి లేస్తుందన్నారు. అంతవరకు ఏసీ గదిలో కూర్చున్నాం. అది ఒకప్పటి ధాన్యపు గది. చల్లగాలి బయటికి పోకూడదని కిటికీలు మూసి, లోపలి గోడలకు సిమెంటు పూత పూసి, దాని మీద నిగనిగలాడే ప్లాస్టిక్ పెయింటు వేశారు. నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా ఆ రంగు బుడగలు కట్టి ఉంది. ఒక బుడగను గోటితో తాకితే తెల్లటి ఉప్పు పొడి రాలింది. గది నిండా చెమ్మ వాసన, దాన్ని కప్పిపుచ్చడానికి అగరొత్తుల వాసన. పాత గోడకు పునాదిలో నుంచి తడి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూత ఉన్నంతకాలం ఆ తడి వచ్చిన దారినే గాలిలోకి ఆరిపోతుంది. పైన సిమెంటు వేసి, ఆపైన రంగుతో మూత పెడితే పోయే దారి లేక లోపలే నిలిచి, ఉప్పును ముందుకు తోసి, పూతను ఊడగొడుతుంది. సర్వీసులో ఉండగా ఎన్నో పాత కచ్చేరీలకు నా చేతులతోనే సిమెంటు పూత రాసి ఇచ్చినవాణ్ణి కనుక, ఈ మాట ఇప్పుడు పెద్దమనిషి తరహాలో చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

పావుగంట తరవాత మండువాలోకి వచ్చాక అదే ఇల్లు వేరే ఇల్లులా ఉంది. నాలుగు వైపులా పెంకుల వాలు, మధ్యలో ఆకాశం, ఆ ఆకాశం కింద నాలుగంగుళాల లోతున రాతి చప్టా, మూలన నీళ్ళు పోయే తూము. చుట్టూ ఉన్న టేకు స్తంభాలకు రంగు వేయకుండా నూనె మాత్రమే పట్టించారు. ఒక స్తంభం మొదలు చెద తిన్నంత మేర కోసి, కొత్త కర్రను గాడి పెట్టి అతికారు, ఆ అతుకును దాచలేదు. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరులో తూర్పు వాలు పెంకులన్నీ లేచిపోయాయనీ, ఆ తరవాత ఎన్నో ఏళ్ళు టార్పాలిన్ కిందే ఇల్లు నానిందనీ మేనేజరు చెప్పాడు. మండువా గోడలకు మాత్రం సున్నమే వాడారు. సున్నాన్ని తొట్టెల్లో వారాల తరబడి నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో నూరి, కరక్కాయలు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళు పోసి పూశారట. దూరాన్నుంచి వచ్చిన మేస్త్రీలు ఈ గోడలు చేసి వెళ్ళిపోయారనీ, ఏసీ గదికి వచ్చేసరికి డబ్బూ, ఓపికా రెండూ అయిపోయి ఊళ్ళో కాంట్రాక్టరుకు అప్పజెప్పామనీ కుర్రవాడు దాచకుండా చెప్పాడు. గోడకు అరచెయ్యి ఆనించి చూశాను. పొడిగా, చల్లగా ఉంది. "గోడ తర్వాత చూద్దురు గానీ, ముందు ఏం తింటారో చెప్పండి" అన్నది మా ఆవిడ.

భోజనాల పట్టిక రెండు రకాలుగా ఉంది. మొదటి పేజీల్లో ఏ ఊళ్ళోనైనా దొరికే వేపుళ్ళు, మంచూరియాలు. చివరి పేజీలో 'లోగిలి భోజనం' అని మనిషికి 450 రూపాయలకు ఒక శాకాహార భోజనం. ముగ్గురికీ అదే చెప్పి, అది వచ్చేలోగా నంజుకోవడానికి ఒక బేబీకార్న్ వేపుడు, ఒక అరటికాయ బజ్జీల పళ్ళెం చెప్పాం. చోడి (రాగి) అంబలి కూడా పట్టికలో ఉండడం చూసి, ముచ్చటపడి ఒకటి తెప్పించుకున్నాడు మా బావమరిది. కాడ ఉన్న గాజు గ్లాసులో, పైన పుదీనా ఆకు గుచ్చి తెచ్చారు, వెల 120 రూపాయలు. పొలం పనుల రోజుల్లో వాళ్ళ నాన్నగారు కూలీలకు కుండతో పోయించిన అంబలి అది. గుర్తుపట్టడానికి వాడికి రెండు గుక్కలు పట్టింది, అందులో తేనె కలిపారు మరి.

బజ్జీలు, వేపుడు వచ్చేటప్పటికే మెత్తబడిపోయి ఉన్నాయి. వంటవాళ్ళను తప్పుపట్టబోయాను కానీ, నేను కూర్చున్న చోటు నుంచి వెనక్కి తిరిగి చూస్తే కారణం కంటికే కనిపించింది. పాత టేకు కప్పు కింద గ్యాసు పొయ్యిలు పెట్టడం ప్రమాదమని, తెలివైన పనే, వంటశాలను పెరట్లో విడిగా రేకుల షెడ్డులో కట్టారు. అక్కడి నుంచి పళ్ళెం బయలుదేరి, పెరడు దాటి, వెనక వసారా దాటి, ధాన్యపు గది పక్కన ఉన్న ఇరుకు నడవాలో ఎదురొచ్చేవాళ్ళకు దారి ఇచ్చి, మండువా చుట్టూ సగం తిరిగి మా దగ్గరికి రావాలి. అడుగులు లెక్కపెట్టమని మా బావమరిదిని పంపించాను. తొంభై ఆరు అన్నాడు. తుంపర పడే రోజున తొంభై ఆరు అడుగులు మూతపెట్టి తెచ్చిన బజ్జీ మెత్తబడక ఏం చేస్తుంది?

ఆ లెక్క తేలాక భోజనాన్ని నేను వేరే కంటితో చూడడం మొదలుపెట్టాను. అరిటాకులు పరిచి వడ్డించారు. ముద్దపప్పు, నువ్వుల పొడి, వంకాయ కూర, కంద బచ్చలి కూర ఆవ పెట్టి, గుమ్మడికాయ బెల్లం పులుసు, చారు, గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు, పెరుగు, చివర పూర్ణాలు. వీటిలో కంద బచ్చలి నోట పెట్టగానే మా ఆవిడ చెయ్యి ఆగింది. ఆవ ఘాటు ముక్కు పైకి ఎక్కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చేదు మాత్రం ఎక్కడా లేదు. "ఇది హోటలు వంట కాదండీ, ఎవరో ఇంటి మనిషి చేసింది" అని, చెయ్యి కడుక్కోకుండానే ఎడంచేత్తో కొంగు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను. చీపురుపల్లి వైపు నుంచి వచ్చి చేస్తున్న ఒక పెద్దావిడ గుమ్మడికాయ తరుగుతూ ఉంది.

"ఆవ ఎప్పుడు కలుపుతావు అప్పా?" అని మా ఆవిడ అడిగింది.

"కూర దించీసి, సెయ్యి పెడితే కాలనంత సల్లారినాకే కలపాలమ్మా. పొయ్యి మీదుండగా ఏసీస్తే సేదెక్కిపోద్ది, గాటూ ఉండదు. ఈలోపు ఆళ్ళు అట్టుకెళ్ళి ఒడ్డించీసరికి ఆ ఆవ బాగా పడతాది" అన్నదావిడ.

ఆవగింజలో ఘాటు పుట్టేది నీళ్ళతో నూరినప్పుడే. నిప్పు తగిలితే ఆ ఘాటును పుట్టించే గుణమే చచ్చిపోతుంది. కాబట్టి ఆవ పెట్టిన కూరకు వేడి మీద వడ్డన అక్కర్లేదు సరికదా, పొయ్యి నుంచి విస్తరి దాకా కాసేపు పట్టడమే మంచిది. తొంభై ఆరు అడుగులు బజ్జీని పాడుచేశాయి, కంద బచ్చలిని బాగుచేశాయి. వెనక్కి వచ్చి కూర్చున్నాక నాకు తట్టినదేమిటంటే, ఇటువంటి లోగిళ్ళలో వంటిల్లు ఎప్పుడూ వెనకే ఉండేది, భోజనం చేసేవాళ్ళు ముందు వసారాలోనో నట్టింట్లోనో కూర్చునేవాళ్ళు. పులిహోర, పులుసు, పప్పు, ఆవ కూర, ఊరగాయ, ఇవన్నీ ఆ దూరం నడిచి వచ్చినా చెడని వంటలు. అట్టు, పుల్కా, బజ్జీ వంటివి తినాలంటే పిల్లలు పొయ్యి దగ్గరే పీట వేసుకుని కూర్చునేవారు. ఈ ఇంటిని బాగుచేసినవాళ్ళు స్తంభాలనూ, గోడలనూ అడిగి పని చేశారు కానీ, భోజనాల పట్టిక రాసేటప్పుడు ఇంటిని అడగలేదని నాకు అనిపించింది.

పులుసు రాచ్చిప్పలో తెచ్చారు. రాతి చిప్ప ఒకసారి వేడెక్కితే అరగంట దాకా చల్లారదు, పులుపుతో దానికి పేచీ లేదు. మేము రెండోసారి పోసుకున్నప్పుడు కూడా పొగలు వచ్చాయి. మన వైపు పులుసులో బెల్లం కొంచెం ముందుకు వస్తుంది, అది కొత్తవాళ్ళకు తీపిగా అనిపించవచ్చు. ఇందులో బెల్లం, చింతపండు, మెంతిపిండి ఒకదాన్ని ఒకటి తోసుకోకుండా కూర్చున్నాయి.

చారు దగ్గర మాత్రం పని చెడింది. దాన్ని అందమైన ఇత్తడి గిన్నెలో తెచ్చారు. గిన్నెను తిప్పి చూసిన మా బావమరిది, "ఇది మా బుడితి పనే" అన్నాడు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచు, ఇత్తడి సామాను చేసే పని పాతది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గిన్నె మంచిదే, తప్పు గిన్నెది కాదు. లోపల కళాయి లేదు. కళాయి లేని ఇత్తడిలో చింతపండు చారు పోసి కాసేపు ఉంచితే కిలుము దిగుతుంది. ఒక్క గుక్కకే నాలుక మీద లోహపు రుచి తగిలింది, పైగా చారు గోరువెచ్చగా ఉంది. వడ్డించే కుర్రవాణ్ణి పిలిచి చెబితే, ముందు అర్థం కాక, సార్, రోజూ చింతపండుతోనే తోముతున్నాం, మిలమిల మెరుస్తున్నాయి కదా అన్నాడు. మా ఆవిడ వాడికి గిన్నె లోపల ఉండవలసిన తగరపు పూత గురించి ఓపికగా చెప్పి, చారు కూడా రాచ్చిప్పలోనే పోయించమన్నది. వాళ్ళు వెంటనే మార్చి తెచ్చారు, దానికి వెల కట్టలేదు.

పెరుగన్నం కలుపుకునే వేళకు వాన పెద్దదైంది. అంతవరకూ బల్లల మీద నడుస్తున్న మాటలన్నీ ఒక్కసారిగా ఆగాయి. నాలుగు వాలుల నీళ్ళూ మూలల్లో ఉన్న రేకు గొట్టాల్లోంచి నాలుగు ధారలై చప్టా మీద పడుతుంటే, ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా వినిపించలేదు. చప్టాలో నీళ్ళు మూడంగుళాలు లేచి, నాకు భయం వేసేలోపు తూము గొంతు తెరుచుకుని గుడగుడమంటూ లాగేసింది. మా బల్ల మీద సన్నటి జల్లు పడింది కానీ విస్తరిలో పడలేదు. స్తంభాల వరస నుంచి గోడ దాకా వసారా అంత వెడల్పు ఎందుకు పెట్టారో కూర్చున్న చోటే తెలిసింది. పక్క బల్ల మీద ఉన్న ఒక చిన్న గుంట, వాళ్ళ అమ్మ ఎంత అదిలించినా వినకుండా, విస్తరి వదిలి వెళ్ళి చప్టాలో అరిటాకు ముక్క పడవ వదిలింది. మూడింటి గడువు ఎవరూ గుర్తుచేయలేదు. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళవలసినవాళ్ళకు గడప దగ్గర గొడుగులు పెట్టారు, అది మాత్రం ఇంటిని ఎరిగినవాళ్ళు చేసిన ఏర్పాటు.

బిల్లు వచ్చింది. భోజనాలు 1,350, వేపుడు 260, బజ్జీలు 180, అంబలి 120, మొత్తం 1,910 రూపాయలు. దాని కింద 'హెరిటేజ్ చార్జీ' అని పది శాతం, అంటే 191 రూపాయలు వేసి, ఆ మొత్తం మీద అయిదు శాతం జీఎస్టీ కట్టారు. సున్నపు పని ఎంత ఖరీదో నాకు తెలుసు కనుక ఆ డబ్బు ఇవ్వడానికి మనసు వెనకాడలేదు. కానీ అడిగే పద్ధతి అది కాదు. హోటళ్ళు సేవా రుసుమును తమంతట తాము బిల్లులో కలపకూడదనీ, మరో పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదనీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ సంగతి చెప్పి, కావాలంటే భోజనం వెల 500 చేయండి, ముందే చూసుకుని ఇష్టమైతే తింటాం అన్నాను. మేనేజరు ఎవరికో ఫోను చేసి, ఆ వరస కొట్టేసి, జీఎస్టీతో కలిపి 2,006 రూపాయలకు కొత్త బిల్లు తెచ్చాడు. అడ్వాన్సు పోగా 1,506 కట్టాను. పెరట్లో ఉన్న పెద్దావిడకు మా ఆవిడ విడిగా ఏదో ఇచ్చి వచ్చింది, ఎంతో నేను అడగలేదు.

బయటికి వచ్చేసరికి వాన తగ్గింది కానీ చూరు ఇంకా కారుతోంది. ఆటో తీసుకొస్తానని మా బావమరిది గంటస్తంభం వైపు వెళ్ళాడు. మేనేజరు గుమ్మం దాకా వచ్చి, ఇంకేమైనా లోపాలు ఉంటే చెప్పండి సార్ అన్నాడు. అరుగు మీది కుండీలను చూపించాను. ఒక్కొక్క కుండీ అడుగు నుంచీ నీళ్ళు కారి, కొత్తగా వేసిన సున్నపు గచ్చు మీద పచ్చటి పాచి వలయాలు కట్టాయి. అరుగు వెనక గోడ మొదట్లో చెమ్మ అప్పుడే జానెడు ఎక్కింది. ఇలాగే వదిలేస్తే రెండు వానాకాలాల్లో ఇదీ ఏసీ గది గోడలాగే అవుతుందన్నాను. కుర్రవాడు వంగి, ఆ చెమ్మను వేలితో తాకి చూశాడు. లోపలికి కేకేసి ఇద్దరిని పిలిచి, ఎడమ వైపు అరుగు మీది కుండీలన్నిటినీ అప్పటికప్పుడే వీధిలోకి దింపించాడు.

వాళ్ళు చివరి కుండీని ఇంకా పట్టుకుని ఉండగానే మా ఆవిడ కొంగుతో అరుగు తుడుచుకుని, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆటో రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది.